సోరియాసిస్‌తో యూకే వచ్చాను, చెకప్‌లు ఎలా పెట్టుకోవాలి?

అందరికీ నమస్కారం. మాస్టర్స్ కోసం గుంటూరు నుంచి లీడ్స్ వచ్చి నెల కాలేదు. సోరియాసిస్ ఉంది, వారానికోసారి మెథోట్రెక్సేట్ వేసుకుంటాను. తెచ్చుకున్న మాత్రలు ఇంకో రెండు నెలలకు సరిపోతాయి. ఊళ్లో అయితే నేరుగా స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్లిపోయేవాణ్ణి. ఇక్కడ ఎవరిని కలవాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
తమ్ముడూ, ఈ వారమే దగ్గర్లోని జీపీ (ఇక్కడ ముందుగా కలవాల్సిన ఫ్యామిలీ డాక్టర్) దగ్గర పేరు నమోదు చేయించుకో. వీసాతో పాటు హెల్త్ సర్‌ఛార్జ్ కట్టే వచ్చావు కాబట్టి డాక్టర్ చూసినందుకు ఫీజు ఉండదు. స్కిన్ స్పెషలిస్ట్ కావాలంటే జీపీ రాసి పంపాలి, పిలుపు రావడానికి నెలలు పట్టొచ్చు. పైగా మెథోట్రెక్సేట్‌ను మామూలుగా స్పెషలిస్ట్ చెప్తేనే జీపీలు కొనసాగిస్తారు. అందుకే మొదటి అపాయింట్‌మెంట్‌లోనే ఆ మందు పేరు ఎత్తు. గుంటూరు డాక్టర్ చీటీ, ఈమధ్య చేయించిన రక్తపరీక్షల రిపోర్టులు పట్టుకెళ్లు. ఎన్ని మిల్లీగ్రాములు, వారంలో ఏ రోజు వేసుకుంటావో ఒక కాగితం మీద రాసివ్వు.

డోసు కుదురుకున్నాక సాధారణంగా మూడు నెలలకోసారి రక్తకణాలు, లివర్, కిడ్నీ పరీక్షలు చేస్తారు. వాళ్లే పిలుస్తారులే అని కూర్చోకు, తేదీ ఫోన్‌లో పెట్టుకో. ఇంటి నుంచి పార్సిల్ తెప్పించుకోమనే మహానుభావులు ఇక్కడా తగులుతారు. మాత్రలు వస్తాయి గానీ రక్తపరీక్షలు పార్సిల్‌లో రావు కదా!

జవాబు 2:
అక్క చెప్పింది నిజం. కీళ్ల సంగతి కూడా మర్చిపోవద్దు బ్రదర్. సోరియాసిస్ ఉన్నవాళ్లకు ఏడాదికోసారి కీళ్లు చూడాలని ఇక్కడి నైస్ (వైద్యం ఎలా చేయాలో చెప్పే సంస్థ) మార్గదర్శకాల్లోనే ఉంది. పెస్ట్ అని ఐదు ప్రశ్నల ఫారం ఉంటుంది: కీలు ఎప్పుడైనా వాచిందా, ఆర్థరైటిస్ అని డాక్టర్ ఎవరైనా అన్నారా, గోళ్ల మీద గుంటలున్నాయా, మడమ నొప్పి వచ్చిందా, వేలు మొత్తం ఉబ్బిందా. కనీసం మూడింటికి అవును అంటే రుమటాలజీకి, అంటే కీళ్ల డాక్టర్ల దగ్గరికి పంపాలి. వాళ్లు అడక్కపోతే నువ్వే అడుగు. మన రంగు ఒంటి మీద మచ్చలు ఎర్రగా కాక ఊదాగానో ముదురు గోధుమరంగులోనో కనబడతాయి, పాత ఫొటోలుంటే చూపించు.

ఖర్చు మాట. 2025లో ఇంగ్లండ్‌లో ఒక్కో మందుకు 9.90 పౌండ్లు. మాత్ర, ఫోలిక్ యాసిడ్, ఆయింట్‌మెంట్ రాస్తే మూడు ఛార్జీలు. ఏడాది మందుల ఛార్జీలన్నిటికీ కలిపి ముందే కట్టే ప్రీపేమెంట్ సర్టిఫికెట్ 114.50 పౌండ్లు, నెలనెలా మందులు తీసుకునేవాళ్లకు అదే చవక. స్కాట్లండ్, వేల్స్‌లో అయితే ఆ ఛార్జీయే లేదు, నువ్వేమో లీడ్స్‌లో పడ్డావు!