చుట్టూ ధ్యాస పెట్టాలి కానీ భయపడుతూ బతకకూడదు. ఎలా?

మొన్న మంగళవారం సెకండ్ షిఫ్ట్ అయ్యాక రాత్రి పదకొండింటికి బస్సు దిగి ఇంటికి నడుస్తున్నాను. రెండు చెవుల్లో ఇయర్‌ఫోన్స్, చేతిలో ఫోన్, అక్కతో చాటింగ్. లిఫ్ట్ ఎక్కి మూడు నొక్కాను. తలుపు మూసుకుంటుంటే ఒకతను చెయ్యి అడ్డం పెట్టి లోపలికి వచ్చాడు. ఏ బటనూ నొక్కలేదు. అప్పటికీ నాకేం తట్టలేదు. మూడో అంతస్తులో ఎదురింటి ఆంటీ తలుపు తీసుకుని బయటే నిలబడి ఉన్నారు. ఆవిడను చూసి అతను దిగకుండానే కిందికి వెళ్లిపోయాడు.

మర్నాడు వాచ్‌మన్ కెమెరా చూపించాడు. గేటు దగ్గర నేను మెసేజ్ టైప్ చేస్తూ ఆగితే అతనూ పది అడుగుల వెనక ఆగాడు. నేను కదిలాక కదిలాడు. నేను ఒక్కసారి కూడా తలెత్తలేదు.

అప్పట్నుంచి ఎవరు దగ్గరికొచ్చినా గుండె దడ. పగలు కూడా టెన్షనే. ఇలా అందర్నీ అనుమానిస్తూ ఎన్నాళ్లు? అలాగని మళ్లీ అంత మైమరిచి నడవనూ లేను. మీరంతా ఏం చేస్తారు?

జవాబు 1

తప్పు అతనిదమ్మా, మీది కాదు. ముందు ఆ మాట గట్టిగా అనుకోండి.

నేను పద్నాలుగేళ్లు గేటు దగ్గర నైట్ డ్యూటీ చేశాను. కొత్తలో వచ్చే ప్రతి మనిషినీ ఎగాదిగా చూసేవాణ్ని. గంటకే తల బరువెక్కేది, ఆపాల్సినవాడు నా ముందునుంచే దాటిపోయేవాడు. మా సూపర్‌వైజర్ ఒకటే చెప్పారు: మనిషిని కాదు, తేడాని చూడు. లిఫ్ట్ ఎక్కినవాళ్లు బటన్ నొక్కుతారు. ఇతను నొక్కలేదు. మనం ఆగితే వెనకవాళ్లు దాటి వెళ్లిపోతారు. ఇతను ఆగాడు. ఒక్క తేడాకి ఏదో కారణం ఉండొచ్చు. రెండు కలిస్తే నేను కుర్చీలోంచి లేచేవాణ్ని.

ట్రైనింగ్‌లో మాకు నాలుగు రంగులు నేర్పారు. జెఫ్ కూపర్ అనే అమెరికా మెరైన్ అధికారి చెప్పిన పద్ధతి. తెలుపు అంటే ధ్యాసే లేకపోవడం. పసుపు అంటే తేలిగ్గా ఉంటూనే చుట్టూ ఏం జరుగుతోందో తెలియడం. ఆరెంజ్ అంటే ఫలానా మనిషి మీద అనుమానం. ఎరుపు అంటే ఎదుర్కోవడానికి సిద్ధం కావడం. మీరు మంగళవారం తెలుపులో ఉన్నారు, ఇప్పుడేమో రోజంతా ఆరెంజ్‌లో ఉంటున్నారు. ఏ ఒళ్లూ దాన్ని తట్టుకోలేదు. బయట ఉన్నంతసేపు పసుపు చాలు, ఇంట్లో అదీ వద్దు.

అనుమానం వచ్చిన క్షణంలోనే ఒక గీత గీసుకోండి: "ఇతను లిఫ్ట్ ఎక్కితే నేను దిగిపోతాను." ముందే అనుకుని ఉంటే కాళ్లు వాటంతటవే కదులుతాయి. అతను ఏమనుకుంటాడో అన్న మొహమాటం అస్సలు వద్దు. ఎంతమంది ఆ మొహమాటానికే ఆగిపోతారో నేను కళ్లారా చూశాను. వెనక ఎవరో వస్తున్నారనిపిస్తే నేరుగా ఇంటికి వెళ్లకండి, ఇల్లు చూపించినట్టే అవుతుంది. నలుగురు ఉన్న చోటికి వెళ్లి ఫోన్ చెయ్యండి.

జవాబు 2

ఫోన్ గురించి నాదొక మాట. కళ్లు చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. వెలుగుతున్న స్క్రీన్ చూసి తలెత్తితే కాసేపు చీకట్లో మనిషి ఆనడు. పైగా "చాటింగ్ చేస్తూనే ఒక కన్ను వేసి ఉంచుతాను" అనేది జరిగే పని కాదు. 1999లో సైమన్స్, చాబ్రిస్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు వీడియోలో బంతి పాస్‌లు లెక్కపెట్టమన్నారు. ఆ లెక్కలో పడి సుమారు సగం మంది, మధ్యలోంచి నడిచి వెళ్లిన గొరిల్లా వేషాన్ని చూడనే లేదు! మెసేజ్ పెట్టాలంటే గోడకి వీపు ఆనించి ఆగండి, పెట్టేసి నడవండి.

జవాబు 3

నాదైతే వేరే అనుభవం. ఆఫీసులో వైరు కాలిన వాసన వచ్చింది. అందరూ పని చేసుకుంటున్నారు కదా అని నేనూ పావుగంట కూర్చున్నాను. నిజంగానే లోపల బోర్డు కాలుతోంది. తర్వాత చదివాను, 1968లో లాటానే, డార్లీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఇదే పరీక్షించారట. గదిలోకి పొగ వదిలితే ఒంటరిగా ఉన్నవాళ్లలో 75 శాతం మంది లేచి చెప్పారు. పట్టించుకోనట్టు నటించే ఇద్దరు పక్కన ఉన్నప్పుడు చెప్పింది 10 శాతమే. పక్కవాళ్లు నిమ్మళంగా ఉన్నారని మీ అనుమానాన్ని నొక్కేసుకోకండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ చాలా థ్యాంక్స్ అండీ. నిన్న రాత్రి ఫోన్ బ్యాగులో పెట్టి నడిచాను. గేటు దగ్గర ఆగి వెనక్కి తిరిగాను. కుక్కతో ఒక పెద్దాయన వస్తున్నారు. నన్ను దాటి మలుపు తిరిగి వెళ్లిపోయారు. అప్పుడు గేటు తీశాను. దడ ఉంది కానీ తగ్గింది.

జవాబు 1

బాగుందమ్మా. ఒకటి అడగడం మర్చిపోయాను, ఆ వీడియో కాపీ తీసుకున్నారా? చాలా కెమెరాల్లో కొత్త రికార్డింగ్ పాతదాని మీద పడిపోతుంది. ఈరోజే కాపీ చేయించి పోలీసులకి ఇవ్వండి.