పైన్ లాంటి చెట్ల ఆకుల క్యాప్సూల్స్: ల్యాబ్‌లో రంగు మారితే ఒంటికి మేలు జరిగినట్టేనా?

పటమట పద్మ:
మా మామగారికి షుగరు, బీపీ ఉన్నాయి. బీసెంట్ రోడ్డు దగ్గర ఒక షాపులో "యాంటీఆక్సిడెంట్లు దండిగా ఉంటాయి, నరాలకు మంచిది" అని ఒక డబ్బా చేతిలో పెట్టారు. దాని మీద "కోనిఫర్ ఆకుల సారం" (కోనిఫర్ అంటే పైన్ లాంటి, పూలు పూయని చెట్ల జాతి) అని మాత్రమే ఉంది, ఏ చెట్టో రాయలేదు. లోపలి కాగితంలో మాత్రం డీపీపీహెచ్ అనే యాంటీఆక్సిడెంట్ పరీక్షలో విటమిన్ సీతో సమానం అని ఉంది. కొనమంటారా?

బ్రాడీపేట బాలు:
ఎమ్మెస్సీలో ఈ పరీక్ష నా చేతులతో చేశాను. డీపీపీహెచ్ ద్రావణం ముదురు ఊదా రంగులో ఉంటుంది. ఆకుల సారం కలిపి అరగంట చీకట్లో పెడితే పసుపు రంగుకి తిరుగుతుంది. ఊదా ఎంత తగ్గిందో 517 నానోమీటర్ల కాంతి దగ్గర కొలుస్తాం. ఎంత తగ్గితే యాంటీఆక్సిడెంట్ బలం అంత ఎక్కువని లెక్క. ఇందులో మాయేమీ లేదు, పైన్ ఆకుల్లో ఫినాల్స్, ఫ్లేవనాయిడ్లు అనే యాంటీఆక్సిడెంట్ పదార్థాలు నిజంగానే ఉంటాయి. 1536లో కెనడా చలికి చిక్కుకుని ఫ్రెంచి అన్వేషకుడు జాక్ కార్టియే నావికులు స్కర్వీ జబ్బుతో చనిపోతుంటే, అక్కడివాళ్లు ఒక చెట్టు ఆకులు, బెరడు కాచి తాగించి బతికించారు. ఊరికే కొట్టిపారేయకండి.

గుంటూరు ఫార్మసీ టీచర్:
బాలు గారూ, వాళ్లకి వచ్చింది విటమిన్ సీ లోపం. పద్మ గారి మామగారికి ఆ లోపం ఉందనుకున్నా జామకాయ చాలు. పైగా ఆ చెట్టు ఏదన్నది ఇప్పటికీ తేలలేదు.

పరీక్షనాళికలో సారం నేరుగా డీపీపీహెచ్‌ని తాకుతుంది. మింగితే అలా కాదు. పేగులు, కాలేయం ఆ ఫినాల్స్‌ని మార్చేస్తాయి, రక్తంలోకి చేరేది కొంచెమే. ఇలాంటి ల్యాబ్ అంకెలను కంపెనీలు ప్రచారానికి వాడుకుంటున్నాయనే అమెరికా వ్యవసాయ శాఖ 2012లో తన ఓరాక్ పట్టికను (ఆహారపదార్థాల యాంటీఆక్సిడెంట్ బలం చూపే ల్యాబ్ అంకెల పట్టిక) తీసేసింది.

"వేసుకుంటే పోయేదేముంది" అనేవాళ్లకి ఇంకో మాట. ఫిన్లండ్‌లో పొగతాగే మగవాళ్లు 29,133 మందితో ఒక పెద్ద పరీక్ష జరిగింది. 1994లో వచ్చిన ఫలితం ప్రకారం, బీటా కెరోటిన్ అనే యాంటీఆక్సిడెంట్ వేసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గలేదు సరికదా, 18 శాతం పెరిగింది.

అన్నిటికంటే నాకు భయం, చెట్టు పేరు లేకపోవడం. టాక్సస్ కూడా కోనిఫరే. దాని ఆకులోని టాక్సీన్ అనే విషం గుండెని ఆపేయగలదు. థూజా అనే మరో కోనిఫర్ ఆకులో థూజోన్ అనే పదార్థం ఉంటుంది, మోతాదు మించితే ఫిట్స్ వస్తాయి.

తెనాలి మూలికలు:
తాలీసాది చూర్ణం దగ్గుకి తరతరాలుగా వాడుతున్నామండీ. అందులోని తాలీసపత్రం హిమాలయాల్లోని ఫర్ అనే కోనిఫర్ చెట్టు ఆకే కదా! ఇలా భయపెడితే ఎలా?

గుంటూరు ఫార్మసీ టీచర్:
అదే పేరుతో కొన్నిచోట్ల టాక్సస్ ఆకు కూడా అమ్ముతున్నారండీ. అందుకే ఏ చెట్టో రాయమంటున్నాను.

బాపట్ల వాసి:
మా తీరం వెంట సరుగుడు తోటలే. ఆ ఆకు పనికొస్తుందా?

బ్రాడీపేట బాలు:
సరుగుడు పైన్‌లా కనిపిస్తుందే గానీ కోనిఫర్ కాదండీ, పూలు పూసే జాతి. సూదుల్లా కనిపించేవి సన్నటి రెమ్మలు. కణుపు దగ్గర గోటితో గీరి చూడండి, పొలుసుల్లా ఉండేవే అసలు ఆకులు.
టీచర్ గారూ, మరి మా ల్యాబ్ ఫలితానికి విలువే లేదంటారా?

గుంటూరు ఫార్మసీ టీచర్:
ఎందుకు లేదు? నూనెకి ముక్కవాసన రాకుండా ఆపడం అచ్చంగా సీసాలో జరిగే పనే. రోజ్‌మేరీ సారాన్ని ఇప్పటికే అలా వాడుతున్నారు. పైన్ ఆకు సారాన్ని వేరుశనగ నూనెలో పరీక్షిస్తానంటే నేనూ సాయం చేస్తాను. మామగారి షుగరు మాత్రలతో కలిపి మింగించడానికి మాత్రం ఒప్పుకోను.

పటమట పద్మ:
షాపుకి ఫోన్ చేసి చెట్టు పేరు అడిగాను. కంపెనీని కనుక్కుని చెబుతామన్నారు. అప్పటిదాకా కొనను. చెప్పాక కూడా ముందు డాక్టరు గారికి చూపిస్తాను.