టికెట్ ఉన్నా సీటు లేదంటే: ఓవర్‌బుకింగ్ మోసమా, వ్యాపారమా?

కిటికీసీటు:
పోయిన నెల బోర్డింగ్ గేటు దగ్గర నన్ను పక్కకి పిలిచి "ఫ్లైట్ ఫుల్ అయిపోయింది సార్" అన్నారు. చెక్-ఇన్ ముందే చేశాను. బోర్డింగ్ పాస్‌లో సీటు నంబరు మాత్రం లేదు, గేటు దగ్గర ఇస్తామని ఉంది. అప్పుడే అనుమానం రావాల్సింది. ఏదో కాగితం మీద సంతకం తీసుకుని, ఒక వోచర్ చేతిలో పెట్టి, ఏడు గంటల తర్వాత ఇంకో విమానం ఎక్కించారు. సంస్థ పేరు రాయను, ఫిర్యాదు ఇంకా నడుస్తోంది. ఒకే స్థలాన్ని ఇద్దరికి రిజిస్ట్రేషన్ చేసినవాణ్ణి మోసగాడంటాం. ఒకే సీటుని ఇద్దరికి అమ్మినవాళ్లని ఎందుకు అనకూడదు?

లెక్కలపిచ్చి:
మీ కోపం అర్థమైంది కానీ పోలిక కుదరదండీ. స్థలం రేపు కూడా ఉంటుంది. విమానం తలుపు మూశాక ఖాళీ సీటు విలువ సున్నా. 180 సీట్లకి 180 టికెట్లే అమ్మితే దాదాపు ప్రతిసారీ కొందరు రారు. ముందు విమానం ఆలస్యమై కనెక్షన్ పోయినవాళ్లు, పని వాయిదా పడినవాళ్లు, ట్రాఫిక్‌లో ఇరుక్కున్నవాళ్లు. ఆ రూటులో, ఆ వేళకి ఎంతమంది రారో పాత లెక్కలు చూసి నాలుగైదు ఎక్కువ అమ్ముతారు. అది ఆపేస్తే ఖాళీ సీట్ల ఖర్చు మన టికెట్ల మీదే పడుతుంది. పైగా అమెరికాలో ఇష్టం లేకుండా ఆగిపోయిన ప్రయాణికులు ఈమధ్య సంవత్సరాల్లో 10,000 మందికి ఒకరు కూడా లేరు.

రాత్రిఫ్లైట్:
ఆ ఒక్కరూ మనమే అయిన రోజు శాతాలు గుర్తురావు లెండి. సరే, నాదీ ఒక లెక్క. రానివాడి టికెట్ నాన్-రిఫండబుల్ అయితే డబ్బు తిరిగివ్వరు. అంటే ఆ సీటు సొమ్ము ముందే చేతికొచ్చేసింది. దాన్నే ఇంకొకరికి అమ్మితే రెండు చేతులా సంపాదన. ఇందులో నష్టం ఎక్కడుంది?

లెక్కలపిచ్చి:
గట్టి దెబ్బే. ఎక్కువ ధర పెట్టినవాళ్లకి చివరి నిమిషంలో మార్చుకునే వెసులుబాటు ఉంటుంది, వాళ్లు రాకపోతే నిజంగానే నష్టం. చౌక టికెట్ల విషయంలో మాత్రం మీ మాట కాదనలేను.

పాతకేసులు:
నా ఉద్దేశంలో మీరు అసలు విషయం వదిలేసి కొట్టుకుంటున్నారు. ఎక్కువ అమ్మడం కన్నా పెద్ద గొడవ, ఎవరు ఆగాలో, ఎంతకి ఆగాలో ఎవరు తేలుస్తారన్నది.

అమెరికాలో వినియోగదారుల హక్కుల కోసం పోరాడిన రాల్ఫ్ నేడర్‌ని 1972లో అలెగేనీ ఎయిర్‌లైన్స్ ఇలాగే ఎక్కనివ్వలేదు. హార్ట్‌ఫర్డ్‌లో సభకి వెళ్లాల్సిన మనిషి. ఓవర్‌బుకింగ్ సంగతి దాచి టికెట్ అమ్మారని దావా వేశాడు. విమాన సంస్థల మీద నియంత్రణ బోర్డు ఉంది కదా అని కోర్టు విచారణ ఆపక్కర్లేదని 1976లో సుప్రీంకోర్టు చెప్పింది.

అంతకుముందే, 1968లో, జూలియన్ సైమన్ అనే ఆర్థికవేత్త ఒక ఉపాయం చెప్పాడు. సీట్లు చాలనప్పుడు అందరికీ కాగితం, కవరు ఇవ్వండి. ఎంత ఇస్తే తర్వాతి విమానానికి ఆగుతారో రాయమనండి. తక్కువ రాసినవాళ్లకి ఆ డబ్బిచ్చి ఆపండి. ఇంత తేలికైన సంగతికి పదేళ్లు పట్టింది. ఇష్టపడి ఆగేవాళ్లని ముందు అడగాలన్న నియమం 1978లో వచ్చింది.

2017 ఏప్రిల్‌లో చికాగోలో జరిగింది చూడండి. యునైటెడ్ ఎక్స్‌ప్రెస్ 3411 విమానం. నిజానికి అక్కడ టికెట్లు ఎక్కువ అమ్మలేదు, సంస్థ సిబ్బంది నలుగురికి సీట్లు కావాల్సొచ్చాయి. 800 డాలర్ల దాకా ఇస్తామన్నారు, ఎవరూ లేవలేదు. కంప్యూటర్ నలుగురిని ఎంచింది. ముగ్గురు దిగారు. నాలుగో మనిషిని సీట్లోంచి లాగి, మొహం నిండా రక్తంతో నడవలో ఈడ్చుకెళ్లారు. బలవంతంగా ఆపితే ఇవ్వాల్సిన గరిష్ఠ పరిహారం అప్పట్లో 1,350 డాలర్లు. అంతవరకైనా పాట పెంచకుండా ఆపేశారన్నమాట! గొడవయ్యాక అదే సంస్థ 10,000 డాలర్ల దాకా ఇస్తామంది. ఒకసారి ఎక్కనిచ్చినవాణ్ణి భద్రత, ఆరోగ్యం, అల్లరి లాంటి కారణాలు తప్ప దించకూడదని 2018లో అమెరికా చట్టం చేసింది.

రాత్రిఫ్లైట్:
వేలం బాగానే ఉంది. తక్కువకి ఒప్పుకునేది ఎవరండీ? డబ్బు అవసరం ఉన్నవాడే కదా. ఉన్నవాడు కదలకుండా కూర్చుంటాడు, లేనివాడు ఎయిర్‌పోర్ట్ కుర్చీలో తెల్లారేదాకా పడుకుంటాడు.

పాతకేసులు:
వేలం లేకపోతే ఎవరి పేరు పైకొస్తుందో చూశారా? చాలాచోట్ల చౌక టికెట్ కొన్నవాడు, ఆలస్యంగా చెక్-ఇన్ చేసినవాడు, మెంబర్‌షిప్ కార్డు లేనివాడు. అదే మనిషండీ, ఈసారి అడక్కుండా.

సగంసామాను:
మా నాన్నగారి అంత్యక్రియలకి వెళ్తున్నప్పుడు గేటు దగ్గర ఇలా అడగడం మొదలుపెట్టారు. లక్షలిచ్చినా లేచేవాణ్ణి కాదు. నాలాంటివాళ్లు ఒక విమానంలో ఎంతమంది ఉంటారు? మిగతావాళ్లలో ఎవరో ఒకరు ఏదో ఒక అంకె దగ్గర చెయ్యెత్తుతారు. అప్పుడూ ఎత్తారు, మూడోసారి పెంచాక.

కిటికీసీటు:
ఇంతకీ నాకు రావాల్సింది ఎంత?

పాతకేసులు:
ఎక్కడినుంచి బయల్దేరారో దాన్నిబట్టి ఉంటుంది. యూరోపియన్ యూనియన్‌లో 261/2004 నిబంధన ప్రకారం దూరాన్నిబట్టి 250, 400, 600 యూరోలు, వేచి ఉన్నంతసేపు భోజనం, అవసరమైతే హోటల్. త్వరగా చేరిస్తే పరిహారం సగానికి తగ్గించొచ్చు. అమెరికాలో ఎక్కువ ఆలస్యమైతే ఒకవైపు ఛార్జీకి 400 శాతం, 2025 నుంచి పైపరిమితి 2,150 డాలర్లు. భారత్‌లో గంటలోపు బయల్దేరే వేరే విమానం చూపిస్తే ఏమీ రాదు. 24 గంటల్లోపు అయితే 200 శాతం, 10,000 రూపాయలు మించకుండా.

ఇవన్నీ బలవంతంగా ఆపినవాళ్లకే. ఇష్టపడి ఆగితే మీరు ఒప్పుకున్నదే మీకు దక్కేది. యూరప్ నిబంధనలో ఇంకోటి ఉంది: డబ్బుకి బదులు వోచర్ ఇవ్వాలంటే ప్రయాణికుడి సంతకం ఉండాలి. సంతకం తీసుకున్నారన్నారు కదా, ఆ కాగితంలో ఏం రాసుందో చూశారా?

కిటికీసీటు:
టెన్షన్‌లో చదవలేదండీ. ఇప్పుడే బ్యాగులోంచి తీశాను. మూడో లైనులో చిన్న అక్షరాల్లో ఉంది, "నేను స్వచ్ఛందంగా నా సీటు వదులుకుంటున్నాను" అని. కింద నా సంతకం.