"నలోకంబగు పెంజీకటి": "న"యా, "నా"యా?

నల్లగొండ నుంచి:
గజేంద్ర మోక్షంలోని కందం ఒకటి దయ్యాల రీళ్లలో తెగ తిరుగుతోంది. పాత గ్రామఫోను గొంతు, వేగం బాగా తగ్గించారు, వెనక పాడుబడ్డ మేడ మెట్లు. కింద అక్షరాల్లో "నా లోకంబగు పెంజీకటి" అని వేశారు. చీకటే తన లోకమని ప్రేతం పాడుతోందని చూసినవాళ్లు రాస్తున్నారు. నాకూ "నా" అనే వినిపిస్తోంది. గుర్తున్నది మాత్రం "తెగిన తుది నలోకంబగు". పాఠాంతరం, అంటే ఇతర ప్రతుల్లో వేరే మాట ఉందా?

వనపర్తి నుంచి:
పద్యం ఇది: "లోకంబులు లోకేశులు లోకస్థులు దెగిన తుది నలోకంబగు పెంజీకటి కవ్వల నెవ్వండేకాకృతి వెలుగు నతని నే సేవింతున్". పాఠాంతరానికి చోటే లేదు. "లోకస్థులు దెగిన తుది నలోకంబగు పెం" గణాలు కట్టండి: గగ (రెండు గురువులు), నల (నాలుగు లఘువులు), నల, గగ, స (రెండు లఘువులు, ఒక గురువు). అన్నీ నాలుగు మాత్రలవే. కందంలో ఆరో గణం నలమో జగణమో కావాలి. "నతుదిన" నలం. అక్కడ "నా" పెడితే అయిదు మాత్రలై గణం చెడుతుంది. పోతన కందంలో ఆ పొరపాటు జరగదు.

దేవరకొండ నుంచి:
మాస్టారు గారూ, గణం కాగితం మీద నిలుస్తుంది, గొంతులో నిలవదు. పద్యం పాడేవారు "తుది" దగ్గర ఊపిరి తీసుకుని "న" మీద రాగం తీస్తారు. పైగా నిమిషానికి 78 చుట్లు తిరిగే రికార్డును 33 చుట్లకు దించితే ప్రతి అక్షరం రెండింతలకు మించి సాగుతుంది, శ్రుతి ఒక స్థాయికి పైగా పడిపోతుంది. 1925కు ముందటి రికార్డులైతే మైకు లేదు, కొమ్ములాంటి గొట్టంలోకి పాడాల్సిందే. మంద్రం, తారం (బాగా కింది, పై స్వరాలు) సరిగా పడవు. మిగిలేది నడిమి గొంతు, గరగర. ఇంగ్లిషు చర్చి కీర్తనల పాత రికార్డులనూ ఇలాగే భయపెట్టడానికి వాడుతున్నారు.

గద్వాల నుంచి:
అంతా యంత్రం మీదికే నెట్టకండి. లోకాలు, లోకేశులు, లోకస్థులు అందరూ పోయారు, పెంజీకటి మిగిలింది. అది భయం కాదా? నా బాధ వేరు. రీలు చేసినవారు సరిగ్గా "కవ్వల" ముందు కత్తిరించారు. "అవ్వల నెవ్వండేకాకృతి వెలుగు" రాకపోతే అది గజేంద్రుడి మాటే కాదు. గీతలోని "తమసః పరస్తాత్" (చీకటికి ఆవల) ఇక్కడ తెలుగైంది. ఇక "తుదిన్ + అలోకంబగు"లోని "అలోకం" అంటే లోకం లేనిది కాదు. "లోక" ధాతువుకు చూడటమని అర్థం, కనుక చూపు ఆననిది.

వనపర్తి నుంచి:
ఒప్పుకోను. మూడుసార్లు జగత్తనే అర్థంలో వాడి నాలుగోసారి మారుస్తాడా?

గద్వాల నుంచి:
మారుస్తాడు గనుకనే పోతన!

నల్లగొండ నుంచి:
రాచకొండ రాజు సింగభూపాలుడు పోతన భాగవతాన్ని పాతిపెట్టించాడనే కథ మా వైపు అందరికీ తెలిసిందే. శిథిలమయ్యాక ఇతరులు పూరించిన భాగంలో ఈ పద్యం లేదు కదా?

దేవరకొండ నుంచి:
లేదు. అయిదో స్కంధం గంగనది, ఆరు సింగనది, పదకొండు, పన్నెండు నారయవి. ఇది అష్టమం. అయితే అదే సింగభూపాలుడి కోసం భోగినీ దండకం అనే శృంగార రచన రాసింది ఈ పోతనేనా అన్నది తేల్చాలి.

వనపర్తి నుంచి:
తేల్చేదేముంది? ఆయనే.

దేవరకొండ నుంచి:
శైలి చూసి చెప్పండి మాస్టారు గారూ. భాగవతం రాసిన చేయి అది కాదు.

జడ్చర్ల నుంచి:
దండకానికి వేరే చర్చ పెట్టండి. నేను ఆ రీలు కింద పద్యమంతా రాశాను. "ఏకాకృతి" అంటే ఒంటరి ఆకారమని, అదే ఆ మేడలో ఉందని ఒక అబ్బాయి జవాబిచ్చాడు. "ఒకే రూపు" అని రాయనా, "మార్పు లేని రూపు" అని రాయనా?

గద్వాల నుంచి:
మార్పు లేనిదనే రాయండి.

వనపర్తి నుంచి:
ఒకే రూపు. మార్పు సంగతి పద్యంలో ఎక్కడుంది?