చిన్న మాటే, కానీ రాత్రంతా నిద్ర పట్టదు. మీకూ ఇంతేనా?

నిద్రలేనివాడు: గ్రూప్ ప్రాజెక్టులో నేను చెప్పిన పాయింటే పది నిమిషాలయ్యాక ఇంకొకరు చెబితే భలే ఉందంటారు. "నీ ఇంగ్లిష్ బాగుందే, ఎక్కడ నేర్చుకున్నావ్?" అని నవ్వుతూ అడుగుతారు. తిట్టలేదు, కొట్టలేదు. అయినా రాత్రి రెండింటికి కూడా బుర్రలో అదే తిరుగుతుంది. టెన్షన్ పడితే ఒంట్లో పెరిగే హార్మోన్ అంటారే, ఆ కార్టిసాల్ టెస్ట్ ఎవరైనా చేయించుకున్నారా? అసలు ఇలాంటివి ఎవరితో చెప్పుకోవాలి?

సింధు22: బస్సంతా నిండినా నా పక్క సీటు ఖాళీగానే ఉంటుంది. నిలబడతారు గానీ కూర్చోరు. ఇప్పుడు బస్సు కనబడితే చాలు, అరచేతులకు చెమట పడుతోంది. టెస్టుల సంగతి నాకు తెలీదు.

కిరణ్: నేను చేయించుకున్నా. మధ్యాహ్నం రక్తం తీశారు, నార్మల్ వచ్చింది. మనం మనసులో పెట్టుకోవడమే తప్ప ఏమీ లేదు. వదిలేయండి.

ల్యాబ్‌మనిషి: కిరణ్ గారూ, మధ్యాహ్నం ఒక్కసారి తీసిన రక్తంతో ఏం తేలుతుందండీ? ఆరేళ్లుగా లాలాజలంలో కార్టిసాల్ కొలవడమే నా పని. నిద్ర లేచాక 30–45 నిమిషాలకు బాగా పెరుగుతుంది, అక్కడి నుంచి తగ్గుతూ అర్ధరాత్రికి అడుగంటుతుంది. చూడాల్సింది ఆ తగ్గుదలని. లేవగానే, అరగంటకు, పడుకోబోయే ముందు, అలా రెండు మూడు రోజులు శాంపిల్ ఇవ్వాలి.

కిరణ్: పావుగంట అటూ ఇటూ అయితే కొంపలేం మునగవు కదా.

ల్యాబ్‌మనిషి: మునుగుతాయి. అలారం ఆపేసి మళ్లీ పడుకుని, గంట తర్వాత ట్యూబు మీద "లేవగానే" అని రాసిస్తారు. ఆ శాంపిల్ ఎందుకూ పనికిరాదు.

రాత్రిడ్యూటీ: నాది నైట్ షిఫ్ట్. సాయంత్రం లేస్తాను. మరి నాకెలా లెక్క?

పరిశోధన_పిచ్చి: గొడవ పక్కన పెట్టండి. ఇలాంటి చిన్న చిన్న అవమానాలకు "మైక్రోఅగ్రెషన్" అని పేరు పెట్టింది అమెరికా మానసిక వైద్యుడు చెస్టర్ పియర్స్, 1970లో. మర్యాద తక్కువగా చూశారా, తెలివి లేదనుకున్నారా, మిమ్మల్ని చూసి భయపడ్డారా అని రోజువారీ వివక్షను కొలిచేందుకు పరిశోధకుడు డేవిడ్ విలియమ్స్ తయారు చేసిన ప్రశ్నలు 1997 నాటివి. అమెరికాలో ఎమ్మా ఆడమ్ అనే పరిశోధకురాలి బృందం నల్లజాతి, తెల్లజాతి యువతను 20 ఏళ్ల పాటు గమనించి 2015లో ఫలితాలు రాసింది. వివక్ష ఎక్కువ చూసినవాళ్లలో ఆ తగ్గుదల గీత చదునుగా ఉంది, అంటే పొద్దుటి నుంచి రాత్రికి కార్టిసాల్ తగ్గాల్సినంత తగ్గలేదు. నల్లజాతి వాళ్లలో మొత్తం కార్టిసాల్ కూడా తక్కువే.

కిరణ్: తక్కువుంటే మంచిదేగా!

పరిశోధన_పిచ్చి: కాదు బ్రదర్. పొద్దున పెరగాల్సింది పెరగకపోతే ఒంట్లో ఓపిక ఎక్కడి నుంచి వస్తుంది? ఏళ్ల తరబడి టెన్షన్ మోసి మోసి ఆ వ్యవస్థే మందగించి ఉండొచ్చని అంటారు.

కిరణ్: నిద్ర చాలకపోయినా ఆ గీత చదునవుతుంది. అన్నీ వివక్ష మీదకే తోసేస్తే ఎలా?

సింధు22: నిద్ర ఎందుకు పోయిందో కూడా అడగండి కిరణ్ గారూ. వదిలేయండి అనడం తేలికే. ఆ ఖాళీ సీటు పక్కన రోజూ కూర్చునేది నేను.

మాధవి: నేను రెండేళ్లు నోరు మూసుకున్నా. మొన్న మీటింగ్‌లో "ఇందాక నేను చెప్పింది ఇదే" అన్నాను. గుండె దడదడలాడింది, గొంతు వణికింది. నోట్స్ రాసేవాళ్లు ఆ పాయింట్ పక్కన నా పేరు రాశారు. ఆ రాత్రి ఎప్పుడు నిద్రపోయానో నాకే తెలీదు.

ల్యాబ్‌మనిషి: మాధవి గారూ, చాలా సంతోషం. కిరణ్ గారూ, నిద్ర విషయంలో మీరన్నది నిజమే, అందుకే నిద్ర గంటలు కూడా రాయించుకుంటాం. పావుగంట విషయంలో మాత్రం నేను తగ్గను.

నిద్రలేనివాడు: మాధవక్కా, ఆ నోట్స్ రాసేవాళ్లకి ముందే చెప్పి పెట్టుకున్నారా, లేక అప్పటికప్పుడేనా? గురువారం మాకూ మీటింగ్ ఉంది.

రాత్రిడ్యూటీ: నైట్ షిఫ్ట్ వాళ్ల లెక్క ఎవరైనా చెప్పండి.