కంపెనీ బ్లాగు: వారానికో కొత్త పోస్టు రాయాలా, పాతవి బాగుచేసుకోవాలా?

తూకంమిషన్

మాది చిన్న సంస్థ. తూకం మిషన్లు తయారుచేస్తాం, రిపేరు కూడా చేస్తాం. మూడేళ్ల క్రితం కంపెనీ బ్లాగు మొదలుపెట్టినప్పుడు వారానికో పోస్టు తప్పకూడదని నియమం పెట్టుకున్నాం. ఇప్పటికి 140 దాటాయి. మొదటి ఏడాది చదివేవాళ్లు పెరిగారు, ఆ తర్వాత ఎదుగూ బొదుగూ లేదు. సోమవారం వస్తోందంటే టెన్షన్. ఏం రాయాలో తోచక, ఎగ్జిబిషన్‌లో మా స్టాల్‌కు వచ్చినవారికి ధన్యవాదాలు లాంటివి రాసి వారం గడిపేస్తున్నాను. అవి ఎవరూ చదవరని నాకూ తెలుసు.

కొన్నాళ్లు కొత్తవి ఆపి, ఉన్నవాటిని సరిదిద్దుకోవాలని నా ఆలోచన. ఆపితే గూగుల్ మనల్ని మర్చిపోతుందని, చదివేవాళ్ల అలవాటు కూడా పోతుందని మా పార్ట్‌నర్ గట్టిగా అంటున్నారు. ఈ పని చేసినవాళ్లు చెప్పండి, ఏది మేలు?

రోజుకోపేజీ

మీ పార్ట్‌నర్ మాటే నా మాట. నియమం తప్పకండి. మూడు కంపెనీల బ్లాగులు చూశాను. "ఈ రెండు నెలలు పాతవి చూద్దాం" అని ఆగిన చోట, రెండో నెలకే పాతవి చూడటమూ ఆగిపోయింది. రాయడం చేతికి పట్టిన అలవాటు. ఒకసారి వదిలితే మళ్లీ పట్టుకోవడం కష్టం.

ఇంకో సంగతి. ఏ పోస్టు జనాన్ని తెస్తుందో ముందుగా ఎవరికీ తెలియదు. నేను చూసిన ప్రతి బ్లాగులోనూ గుప్పెడు పోస్టులే ఎక్కువ మందిని తెచ్చాయి, వాటిలో సగం మేం ఏ ఆశా లేకుండా రాసినవి. విత్తనాలు తక్కువ చల్లితే మొలిచేవీ తక్కువే కదా.

పాతకలం

గౌరవంగానే విభేదిస్తున్నాను. మార్కెటింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మే హబ్‌స్పాట్ సంస్థ తన బ్లాగు లెక్కలు 2015లో బయటపెట్టింది. నెలలో వచ్చే వీక్షణల్లో 76 శాతం అంతకు ముందు నెలల్లో రాసిన పోస్టులవే. కొనాలనుకునేవాళ్ల నుంచి బ్లాగు ద్వారా వచ్చే విచారణల్లో అయితే 92 శాతం. అది చూశాక వాళ్లు పాత పోస్టులను వరుసగా తిరగరాశారు. అలా రాసినవాటికి సెర్చ్ నుంచి వచ్చే వీక్షణలు సగటున 106 శాతం పెరిగాయి.

ఎక్కడ మొదలుపెట్టాలంటారా? గూగుల్ వెతుకులాటల్లో మీ సైటు ఎలా కనిపిస్తోందో చూపే సెర్చ్ కన్సోల్ తెరవండి. అందులో 16 నెలల లెక్క ఉంటుంది. మీ పేజీ వేలసార్లు కనిపిస్తున్నా క్లిక్కులు రాని వెతుకులాటలు ఏవో చూడండి. సగటు స్థానం 8 నుంచి 20 మధ్య ఉన్నవాటిని ముందు పట్టుకోండి. గుమ్మం దాకా వచ్చి ఆగిన పోస్టులవి. జవాబు ఐదో పేరాలో ఉంటే మొదటి పేరాకు తెండి. చదివేవాడు వెతికిన మాట శీర్షికలో ఉందా చూడండి. మిగతా పోస్టుల నుంచి దానికి లింకులు ఇవ్వండి.

ఒక్కటి మాత్రం చేయకండి. లోపల ఏమీ మార్చకుండా తేదీ ఒక్కటే కొత్తది వేయడం. అలా చేస్తున్నారా అని గూగుల్ తన మార్గదర్శకాల్లోనే సూటిగా అడుగుతుంది. పేజీకి ఇన్ని పదాలు ఉండాలనే లెక్క కూడా తనకు లేదని అక్కడే చెప్పింది. కాబట్టి సాగదీసే పనీ లేదు.

రోజుకోపేజీ

ఆ లెక్క నేనూ చదివాను. కానీ హబ్‌స్పాట్ అప్పటికే వేల పోస్టులు రాసిన సంస్థ. 140 పోస్టులున్నచోట, అందులో చాలావరకు ధన్యవాదాలే అయితే, బాగుచేయడానికి మిగిలేదెంత? ముందు గాదె నిండాలి, ఆ తర్వాతే కదా చెరుగుకోవడం.

ఫోన్ఎత్తేమనిషి

మీ ఇద్దరూ గూగుల్ వైపు నుంచే లెక్క వేస్తున్నారు. నేను సేల్స్‌లో ఉన్నాను, నాకు కనిపించేది వేరు. కొత్తదా పాతదా అన్నది కొనేవాళ్లకు పట్టదు. ఫోన్ చేసి అడగబోయే ప్రశ్నకు అక్కడ జవాబుందా లేదా, అంతే.

అమెరికాలో వర్జీనియా ప్రాంతంలో రివర్ పూల్స్ అనే ఈతకొలనుల సంస్థ ఉంది. 2008 ఆర్థిక సంక్షోభంలో ఆర్డర్లు పడిపోయి మూసేసే స్థితికి వచ్చింది. దాని భాగస్వాముల్లో ఒకరైన మార్కస్ షెరిడన్ 2009 నుంచి, కొనేవాళ్లు తమను అడిగిన ప్రశ్నలే శీర్షికలుగా పెట్టి జవాబులు రాయడం మొదలుపెట్టారు. ఎంత ఖర్చవుతుంది, ఈ రకానికి ఉన్న లోపాలేంటి లాంటివి. ఖర్చు గురించి రాయడానికి ఆ రంగంలో ఎవరూ ముందుకు రాని రోజులవి. సంస్థ నిలదొక్కుకుంది. ఆ ఖర్చు పోస్టు ఒక్కటే ఎన్నో అమ్మకాలు తెచ్చిపెట్టింది.

తూకంమిషన్ గారూ, మీ సర్వీసు రిజిస్టరు ఎప్పుడైనా చదివారా? రిపేరుకు వెళ్లే మీ మనుషులు రోజూ ఏం వింటారో అడిగారా?

తూకంమిషన్

నిన్న సాయంత్రం అదే పని చేశాను. నిజం చెప్పాలంటే బాధేసింది. రిజిస్టరులో మళ్లీ మళ్లీ కనిపించిన ఫిర్యాదు ఒకటే: "మిషన్ మీద ఏమీ లేకపోయినా సున్నా చూపించట్లేదు." చాలాసార్లు కారణం చిన్నదే. పళ్లెం కింద ఏదో ఇరుక్కుని ఉంటుంది, మిషన్ సమతలంగా ఉండదు, ఆన్ చేసి వేడెక్కకముందే తూస్తారు. మరికొన్నిసార్లు లోడ్ సెల్‌కు, అంటే బరువును కొలిచే లోపలి భాగానికి, చెమ్మ తగిలి ఉంటుంది, లేదా ఎప్పుడో మోయలేనంత బరువు పెట్టి ఉంటారు. మొదటి మూడూ ఎవరికివారు సరిచేసుకోగలరు. తర్వాతి రెండింటికి మమ్మల్ని పిలవాలి.

దీని గురించి మా బ్లాగులో మూడు పోస్టులున్నాయి. "లోడ్ సెల్ పనితీరు", "జీరో డ్రిఫ్ట్ పరిచయం", "నిర్వహణ సూచనలు". మూడింటిలోనూ తలా కాస్త ఉంది. సున్నా చూపించట్లేదు అన్న మాట మాత్రం ఒక్కదాంట్లోనూ లేదు. మూడేళ్లు మా భాషలో రాసుకున్నాను.

పాతకలం

బాధపడకండి, అందరం అలాగే మొదలుపెట్టాం. ఆ మూడింటినీ కలిపి ఒకటి చేయండి. ఎక్కువ లింకులు, ఎక్కువ క్లిక్కులు ఉన్న చిరునామా ఉంచి, మిగతా రెండింటి నుంచి దానికి 301 రీడైరెక్ట్ (శాశ్వతంగా దారి మళ్లించడం) పెట్టండి. అప్పుడు పాత లింకుతో వచ్చినవాళ్లు ఖాళీ పేజీలో దిగరు.

కొత్తమొక్క

అడగొచ్చో లేదో. వారం నియమం కష్టమైతే ఏఐతో రాయించి వేసేస్తే సరిపోదా? రెండూ జరుగుతాయి.

రోజుకోపేజీ

దీంట్లో మాత్రం పాతకలం గారిదీ నాదీ ఒకటే మాట అనుకుంటాను. వద్దు. చదివేవాడికి ఉపయోగం లేని పేజీలను ర్యాంకుల కోసం గంపగుత్తగా తయారుచేయడం, ఎవరు రాసినా దేంతో రాసినా, స్పామ్ కిందికే వస్తుందని గూగుల్ 2024 మార్చిలో నియమాల్లో చేర్చింది. 2011లో గూగుల్ ర్యాంకుల లెక్కలో పాండా అనే మార్పు వచ్చినప్పుడే పలచని పేజీలు గుట్టలుగా పోసిన సైట్లు ఎలా కూలాయో చూశాం.

పైగా 2024 నుంచి సెర్చ్ పేజీ పైనే ఏఐ సారాంశాలు వస్తున్నాయి. "లోడ్ సెల్ అంటే ఏమిటి" అన్నదానికి జవాబు అక్కడే దొరికితే మీ దాకా ఎందుకొస్తారు? వందల మిషన్లు విప్పి చూసిన మనిషి చెప్పగలిగేది వేరు. మీ ఫొటో, మీ అనుభవం, ఏ సందర్భంలో ఏ కారణం ఎక్కువో చెప్పే మాట, వీటిని సారాంశం మింగలేదు.

నా మొదటి జవాబును కొంచెం మార్చుకుంటున్నాను. రాయడం ఆపకండి అన్నది అలాగే ఉంచండి. ప్రతి వారం కొత్తదే కావాలన్నది వదిలేస్తున్నాను.

ఫోన్ఎత్తేమనిషి

ఈమెయిల్ సంగతి ఎవరూ ఎత్తలేదు. చందాదారులకు పంపుతుంటే, ఎంతమంది తెరిచారన్న అంకెను నమ్మి గొడవపడకండి. 2021లో ఆపిల్ తన మెయిల్‌లో తెచ్చిన గోప్యతా మార్పు వల్ల, చదవకపోయినా తెరిచినట్టు నమోదు కావచ్చు. ఎవరు క్లిక్ చేశారు, ఎవరు తిరిగి జవాబు రాశారు అన్నది చూడండి. తిరగరాసిన పాత పోస్టును కూడా నిశ్చింతగా పంపొచ్చు, చాలామందికి అది కొత్తదే.

తూకంమిషన్

పార్ట్‌నర్‌తో ఈ చర్చంతా చదివించాను. మూడు నెలలకు ఒప్పుకున్నారు. సోమవారం సోమవారమే, అది మారదు. నెలలో మూడు సోమవారాలు పాతవాటికి, ఒకటి కొత్తదానికి. ఆ కొత్తది సర్వీసు రిజిస్టరు నుంచే రావాలన్నది ఆయన పెట్టిన షరతు, నాకూ నచ్చింది. రిపేరుకు వెళ్లేవాళ్లు ఇకనుంచి కస్టమరు చెప్పిన మాటను ఉన్నదున్నట్టు రాసుకొస్తారు. ధన్యవాదాల పోస్టులు సెర్చ్‌లో కనిపించకుండా నోఇండెక్స్ పెడుతున్నాను. ముందు సున్నా పోస్టుతో మొదలు.

రోజుకోపేజీ

మంచిది. ఒక్క పని చేశాకే ముట్టుకోండి. 16 నెలల లెక్క ఇవాళే దించుకుని ఒక షీట్‌లో దాచండి. ఆ మూడు పేజీలకూ క్లిక్కులెన్ని, కనిపించినవెన్ని, స్థానమెంత, ఆ సమస్య మీద వచ్చిన ఫోన్లెన్ని అన్నీ రాసిపెట్టండి. రీడైరెక్ట్ పెట్టిన మొదటి వారాల్లో అంకెలు కిందా మీదా అవుతాయి, అప్పుడు కంగారుపడి మళ్లీ మార్చకండి. మూడు నెలలయ్యాక ఆ షీట్ ఇక్కడ పెడితే, నేను ఓడిపోయానో లేదో నేనే చూసి చెబుతాను.