హెచ్‌ఎఫ్‌ఎస్ పేరు మళ్లీ ఎఫ్‌ఎంలోకి రావాలా, వద్దా?

రాక్‌విల్_రాజు:
మేరీలాండ్, వర్జీనియాల్లో ఉండేవాళ్లు ముఖ్యంగా చెప్పండి. హెచ్‌ఎఫ్‌ఎస్ అంటే ఒకప్పుడు 99.1 ఎఫ్‌ఎంలో వచ్చిన రాక్ పాటల రేడియో స్టేషన్. 2024 సెప్టెంబరు 21న వాషింగ్టన్ నేషనల్స్ పార్క్‌లో హెచ్‌ఎఫ్‌ఎస్టివల్ అనే రాక్ ఉత్సవం మళ్లీ పెట్టారు. పోస్టల్ సర్వీస్, గార్బేజ్, బుష్, ఇంక్యుబస్ లాంటి బ్యాండ్లు వచ్చాయి, టికెట్లన్నీ అయిపోయాయి. చాలా ఏళ్ల తర్వాత మళ్లీ అప్పుడే. ఉత్సవానికే ఇంత గిరాకీ ఉంటే, దానికి ఆ పేరిచ్చిన రేడియో స్టేషన్‌ని వెనక్కి తేవడానికి అడ్డేంటి? 2005 జనవరి 12 మధ్యాహ్నం 99.1లో రాక్ ఆగి స్పానిష్ పాటలు మొదలయ్యాయి. శ్రోతలకి ముందుగా ఒక్క ముక్క చెప్పలేదు.

సుభద్ర_కె:
తెచ్చారు కదండీ రాజు గారూ, ఒకసారి కాదు. జనం గోల చేస్తే 2005లోనే బాల్టిమోర్ 105.7కి ఆ పేరు తగిలించారు. కొన్నాళ్లకి అక్కడ పాటలు పోయి కబుర్లు మిగిలాయి. 2011లో 97.5 మీద ఇంకోసారి. అదీ నిలవలేదు. అసలు సంగతి మేరీలాండ్‌లోని బెథెస్డాలో ఉంది, 102.3లో, స్టేషన్ 1983లో 99.1కి మారకముందు. వీజెల్ లాంటి డీజేలు తమకి నచ్చిన రికార్డు తీసి వేసేవాళ్లు, ఏం వేయాలో పైనుంచి జాబితా దిగేది కాదు. మీరు విన్నదే సగం హెచ్‌ఎఫ్‌ఎస్.

గోదారోడు:
ఇంకా ఎఫ్‌ఎం వినేవాళ్లున్నారా?

రాక్‌విల్_రాజు:
97.5ని ఉదాహరణగా తేకండి. అది ట్రాన్స్‌లేటర్. అంటే ఇంకో స్టేషన్ ప్రసారాన్ని తిరిగి వినిపించే చిన్న ట్రాన్స్‌మిటర్, 250 వాట్లు దాటకూడదని రూలు. 99.1 అంటే 50 వేల వాట్లు, అటు బాల్టిమోర్, ఇటు వాషింగ్టన్ రెండూ అందేవి. 97.5 బాల్టిమోర్ వైపు నుంచి లారెల్ ఊరు దాటి ఇటొస్తే గరగర. వినపడని స్టేషన్‌ని ఎవరూ వినలేదని తీర్పు చెబితే ఎలా? సగం హెచ్‌ఎఫ్‌ఎస్ అట. పోనీ ఆ సగమే ఇవ్వమనండి.

చిన్నోడు_లారెల్:
లారెల్‌లో 97.5 వచ్చేది అన్నా. బాగానే.

రాక్‌విల్_రాజు:
ఏ రోడ్డు మీద? 95 హైవేకి ఏ పక్క?

నైట్‌షిఫ్ట్:
నేనొక స్టేషన్‌లో కాంట్రాక్టు పని చేశా, పేరెందుకులెండి. పాత పేరు, పాత లోగో పెట్టి "మీ ఊరి రేడియో తిరిగొచ్చింది" అని బస్సుల మీద ప్రకటనలు. రాత్రి షోలో మాట్లాడే మనిషి వేరే రాష్ట్రంలో కూర్చుని వారానికి సరిపడా కబుర్లు ఒకేరోజు రికార్డు చేసి పంపేవాడు. వాటిని పాటల మధ్య పేర్చడం నా పని. ఒక రాత్రి ఇక్కడ మంచు పడి దారులన్నీ మూసేస్తే, ఆయన గొంతు "హాయిగా కిటికీ దించుకుని డ్రైవ్ చేయండి" అంది. జనం తిట్టింది మాత్రం ఫోనెత్తిన నన్ను. పైగా రెండు నెలల జీతం ఎగ్గొట్టారు. పేరు తేవడం అంటే ఇదే.

రాక్‌విల్_రాజు:
మీ జీతానికీ దీనికీ ఏంటండీ సంబంధం?

సుభద్ర_కె:
సంబంధం అదే. పేరు కొనడానికి డబ్బు పెడతారు, మనిషిని పెట్టడానికి పెట్టరు. స్టేషన్‌ని గుర్తించే ఆ పిలుపు అక్షరాలు కూడా ఒక చోట వదిలేస్తే ఇంకొకరు తీసుకోవచ్చు. డబ్ల్యూ హెచ్ ఎఫ్ ఎస్ ఫ్లోరిడాలో టాంపా దాకా వెళ్లి క్రీడల స్టేషన్‌కి చేరింది తెలుసా?

రాక్‌విల్_రాజు:
అన్నీ తెలుసు. మా స్టేషన్‌ని తీసుకెళ్లి స్పానిష్ వాళ్ల చేతిలో పెడితే ఎవరికీ నొప్పి లేదు, నేను అడిగితేనే అందరికీ లెక్కలు గుర్తొస్తాయి.

జహీరాబాద్_జ్యోతి:
ఇప్పటిదాకా చదివి ఊరుకున్నా. "మా స్టేషన్" ఏంది సార్? చదువుకునేటప్పుడు లాంగ్లీ పార్క్ దగ్గర ఒక హోటల్ వంటింట్ల చేసిన నేను. నాతోని గిన్నెలు తోమినోళ్లంత సాల్వడార్ నుంచి వచ్చినోళ్లే. 99.1ల ఎల్ సోల్ అనే ఆ స్పానిష్ స్టేషన్ మొదలైన వారం పొయ్యి పక్కన రేడియో సౌండ్ పెంచి, ముద్ద తినుకుంట ఆడిండ్రు. వాళ్లకు అంత పెద్ద ఎఫ్‌ఎం దొరుకుడు అప్పుడే. దాన్నీ ఉంచలే. ఎల్ సోల్‌ను 107.9కి జరిపిండ్రు, 99.1ల వార్తలు పెట్టిండ్రు, 2015ల బ్లూంబెర్గ్ షేర్ మార్కెట్ ముచ్చట్లు వచ్చినయి. మీ పాటలు గుంజుకున్నది గిన్నెలు తోమెటోళ్లు కాదు. మనం ఏఎంల ఒక గంట తెలుగు కోసం పైసలిచ్చి టైం కొనుక్కుంటం, వాళ్లమీద ఏడుస్తరా?

గోదారోడు:
అక్క గట్టిగా ఇచ్చింది.

రాక్‌విల్_రాజు:
వాళ్లమీద నాకేం కోపం లేదు. 98లో వై2కే పనికొచ్చా. ఆఫీసులో లంచ్ దగ్గర అందరూ సినిమాలు, ఫుట్‌బాల్, నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. సోమవారం పొద్దున "నిన్న హెచ్‌ఎఫ్‌ఎస్‌లో ఆ పాట విన్నావా" అంటే మాత్రం నేనూ మాట్లాడేవాణ్ణి. ఇప్పుడు మా అబ్బాయి పాటలు వాడి ఫోన్ వాడికి వేస్తుంది, నావి నాకు. ఒక ఊరంతా ఒకేసారి ఒకటే వినే చోటు కావాలంటున్నా.

జహీరాబాద్_జ్యోతి:
గది అడగాలె మొదలే. ఊరంటే మరి ఎవరెవరు? ఆ లిస్టు మీరు 98ల ఆపిండ్రు.

సుభద్ర_కె:
ఆ చోటు కావాలంటే పేరెందుకు? టకోమా పార్క్‌లో తక్కువ పవర్‌తో నడిచే ఊరి స్టేషన్ ఉంది, వాలంటీర్లే నడుపుతారు. వెళ్లి ఒక షో అడగండి. 90ల రాక్ వేసుకోండి, ఎవరొద్దన్నారు?

రాక్‌విల్_రాజు:
తక్కువ పవర్ అంటే వంద వాట్లు. రాక్‌విల్‌కి అందదు.